ఈశాన్యానికి తిరిగిన కర్ర

“చెయ్యి వణుకుతాదని రాసి పంపించేసినా. కంపెనీ వాళ్ళు సరేనన్నారు. ఇంక దాని మీద పంచాయితీ ఏంది?” అన్నాడు సాయిరాఘవ, పెసరట్టు తుంచి అల్లం పచ్చడిలో ముంచుతూ.

అన్నపూర్ణ పెనం మీద ఇంకో అట్టు పోసింది. ఆమె కొడుకు ప్రతి ముద్దనూ ముప్పై రెండుసార్లు నములుతాడు. మాటను మాత్రం ఒక్కసారి కూడా నమలడు.

“ఎవరి చెయ్యి?” అని అడిగింది కోడలు అమూల్య, వంటింటి గుమ్మంలో నిలబడి.

“ఎవరిదేంది? ఆ ముసిలోడు ఆదిశేషుది. తెర మీద కర్ర వంకరగా పోతాంది, ఇట్లయితే కుదరదని నిన్న హైదరాబాదు కంపెనీ నుంచి ఉమ మెయిలు పెట్టింది కదా. మనిషికి వయసైపోయింది, పట్టు లేదు, వేరేవాణ్ణి పెడతామని జవాబు కొట్టినా.”

“నన్ను అడక్కుండానా?”

“నిన్నడిగితే మూడు రోజులు ఆలోచిస్తావు.”

“కర్ర ఎందుకు వంకరగా వస్తాందో చూసేదానికి ఒక్క పూట చాలు నాకు.”

“చూసి ఏం చేస్తావు? దర్శిలో మా శ్యాంసన్ ఉన్నాడు, జిమ్ము నడుపుతాడు. రేపు పొద్దున దిగుతాడు.”

“అతనికి కర్రసాము వచ్చా?”

“కండలున్నాయి.”

అన్నపూర్ణకు నవ్వొచ్చింది. నాలుగేళ్ళ ఇంజనీరింగును ఏడేళ్ళు చదివినవాడి నోట్లోంచి ఇంతకంటే మంచి సమాధానం ఎక్కడ నుంచి వస్తుంది? అట్టు తిరగేసింది.

“గొర్రెలు కాసుకునేవాడి చేత కంప్యూటరు పని చేయించాలనే బుద్ధి ఎవరిది? ఆ అమ్మాయిది,” అని హాల్లోంచి పుల్లారావు గొంతు వచ్చింది. “నేను అప్పుడే చెప్పినా.”

ఆయన అప్పుడేమీ చెప్పలేదు. పేపర్లో ఫొటో పడుతుందంటే కొత్త చొక్కా కుట్టించుకున్నాడు, అంతే. పలకల గిరాకీ పడిపోయి మూతపడిన షెడ్డును శుభ్రం చేయించి, చుట్టూ పన్నెండు కెమెరాలు బిగించి, మనిషి కదలికల్ని పట్టి కంప్యూటరు బొమ్మకు తొడిగే పని మార్కాపురంలో మొదలుపెట్టింది అమూల్య. వీడియో గేముకు కర్రసాము కావాలని కంపెనీ వాళ్ళు అడిగితే, అర్ధవీడు దాకా పోయి ఆదిశేషును ఒప్పించి తెచ్చిందీ ఆమే. బోర్డు మీద పేరు మాత్రం పుల్లారావుది.

పుల్లారావుకు తెలియని విద్య లేదు, చేతనైన విద్య లేదు. ఈ మాట అన్నపూర్ణ ముప్పై నాలుగేళ్ళుగా మనసులో అనుకుంటోంది. పైకి ఎన్నడూ అనలేదు.

ఒక్కసారి అన్నంత పని చేసింది. పెళ్ళయిన మూడో ఏడు, పలకలు కొనడానికి వచ్చిన వాళ్ళ ముందు, “చట్రాల చెక్క ఇంకా పచ్చిగా ఉందండీ, ఆరితే వంకర పోతాయి” అంది. చట్రాలు వంకర పోయాయి. పుల్లారావు ఆమెతో పదకొండు నెలలు మాట్లాడలేదు. తనకు ఉప్పు కావాలన్నా పసిబిడ్డగా ఉన్న సాయిరాఘవకు చెప్పేవాడు.

ఆ పదకొండు నెలల తర్వాత బయటివాళ్ళ ముందు ఆమె నోరు తెరవలేదు.

వీధి గుమ్మం దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైంది.

“శెట్టీ, ఉండావా?”

ఆదిశేషు. మొదటి బస్సు పట్టుకుని వచ్చినట్టున్నాడు, భుజం మీది తువాలుకు ఇంకా దుమ్ము దులపలేదు. పుల్లారావు పేపరు దించలేదు, కూర్చోమని అనలేదు.

“నిన్న సందేళ మా మనవడు ఫోన్లో చదివి ఇనిపించినాడు. ఆదిశేషుకు చెయ్యి వణుకుతాది, ఇంకెవరన్నా కర్ర తిప్పేవాళ్ళుంటే చెప్పండి అని మా సాము వాళ్ళ గ్రూపులో పెట్టినారంట.” ముసలాయన కుడిచెయ్యి ముందుకు చాపాడు. “ఎవరు చూసినారు శెట్టీ? యాడ వణికిందో చూపీ.”

సాయిరాఘవ అట్టు మీద శ్రద్ధ పెంచాడు.

“వయసు వచ్చినాక ఒప్పుకోవాల ఆదిశేషూ,” అన్నాడు పుల్లారావు. “నువ్వొకడివే కాదు, అందరికీ వస్తాది. కాఫీ తాగి పో. ఏమేవ్, ఆ కాగితం కప్పులో కాస్త కాఫీ పొయ్యి.”

“నేను కాఫీకి రాలేదు. నా కాడ పదకొండు మంది పిల్లోళ్ళు నేర్చుకుంటాండారు. రాత్రికే నలుగురి తండ్రులు ఇంటికొచ్చినారు. మావోణ్ణి ఇంక పంపియ్యములే పెద్దయ్యా అని చెప్పిపోయినారు. వాళ్ళ మాటా న్యాయమే. చెయ్యి వణికేవాడి కర్ర పిల్లోడి నెత్తిన పడితే ఎవరు పూచీ? యాభై ఏళ్ళు తిప్పినా శెట్టీ. ఒక్క దినంలో పోయింది.”

అన్నపూర్ణ కాఫీ తెచ్చింది. కాగితం కప్పులో కాదు, ఇంట్లోవాళ్ళు తాగే స్టీలు గ్లాసులో. కావాలనే అంచు దాకా పోసింది.

ఆదిశేషు గ్లాసు చూశాడు, ఆమెను చూశాడు. రెండు వేళ్ళతో అంచు పట్టుకుని అందుకున్నాడు. చాపిన చెయ్యి చాపినట్టే ఉంది. ఒక్క చుక్క తొణకలేదు.

పుల్లారావు పేపరు పేజీ తిప్పాడు.

“తాతా, షెడ్డులోకి రాండి,” అంది అమూల్య. “అందరూ రాండి. మామా, మీరు కూడా.”

“నాకేం పని ఆడ?”

“బోర్డు మీద మీ పేరుంది కదా.”

ఆ మాటతో ఆయన లేవక తప్పలేదు. కోడలికి తెలివుందని అన్నపూర్ణకు తెలుసు, కానీ పైకి ఇంత తీరుగా వాడుతుందని ఆ రోజే తెలిసింది. పొయ్యి ఆర్పి, చెయ్యి తుడుచుకుని తనూ వెంట పోయింది.

షెడ్డు మధ్యలో కర్ర బల్ల మీద ఉంది. ఆదిశేషు సొంత కర్ర అది, నూనె తాగి నల్లబడిన వెదురు. దానికి అక్కడక్కడా అయిదు బూడిదరంగు గోళీలు అంటించి ఉన్నాయి. సగం ఆటలు కెమెరాలతో పట్టడం అయింది. మిగిలిన సగం అయ్యేదాకా గోళీలు కదలకూడదని కర్రను ఇక్కడే వదిలిపెట్టి పొమ్మని అమూల్యే అడిగింది. యాభై ఏళ్ళలో ఆ కర్ర ఆయన ఇంటి బయట ఉండడం ఇదే మొదలు.

అమూల్య కంప్యూటరు తెర వెలిగించింది. అందులో ఆదిశేషు ఒళ్ళు ఉంది, ముఖం లేని బొమ్మగా. అడుగు వేస్తోంది, వంగుతోంది, తిరుగుతోంది. చేతిలో కర్ర మాత్రం పిడికిలికి అడ్డంగా పోయి మోచేతిలో దిగబడింది.

“ఇదేంది, నన్ను నేనే పొడుచుకుంటాండానా?” అన్నాడు ఆదిశేషు.

“చూసినావా? అదే చెప్పింది,” అన్నాడు సాయిరాఘవ.

“ఒక్క నిమిషం ఉండు.” అమూల్య మొగుడి వైపు చూడను కూడా చూడలేదు. “తాతా, ఈ కెమెరాలకు కర్ర కనపడదు. గోళీలే కనపడతాయి. మొదటి రోజు కర్రను నేల మీద పెట్టి, ఈ అయిదు గోళీలూ కలిపితే కర్ర అని మిషనుకు చెప్తాం. మనిషికి ఉన్నట్టే కర్రకూ దాని సొంత ముందూ వెనకా, కుడీ ఎడమా, పైనా కిందా ఉంటాయి. వాటిని అక్షాలంటారు. కానీ కర్ర ముందువైపు ఏదో మిషనుకు తానై తెలియదు. షెడ్డులో నేను ముందు అని గీసిన గీత ఎటు పోతే, కర్ర కూడా అటే చూస్తాందని అనుకుంటాది. అందుకే ఆ క్షణంలో కర్ర గీత మీదనే ఉండాల.”

“గీత మీద లేకపోతే?”

“ఎంత పక్కకు తిరిగి ఉంటే, ఆ తర్వాత పట్టిన ప్రతి ఆటలోనూ తెర మీద కర్ర అంత పక్కకే తిరుగుతాది. నువ్వు ఎంత బాగా పట్టుకున్నా సరే.”

ఆమె ఒక్కో ఆటనూ ఆపి, ఒక్కో అంకె చూపించింది.

“వణికే చెయ్యి ఒకసారి ఇటు పోతాది, ఒకసారి అటు పోతాది. ఇక్కడ చూడండి. ఇరవై ఒక్క ఆటలు. అన్నిట్లోనూ మొదటి నుంచి చివరి దాకా తేడా ఒక్కటే, నలభై మూడు డిగ్రీలు. ఇది చేతిది కాదు. మిషనుకు చెప్పిన క్షణంలో కర్ర పక్కకు తిరిగి ఉంది. పంపేముందు చూసుకోకపోవడం నా తప్పు. గోళీలు సరిగా వచ్చినాయా లేదా అనే చూసినా, కర్ర బొమ్మ హైదరాబాదులో తొడుగుతారు కదాని వదిలేసినా. కానీ ఆ రోజు కర్రను గీత మీద పెట్టింది నేనే. తిప్పింది ఎవరు?”



“నేనైతే దాన్ని ముట్టనే లేదు,” అన్నాడు పుల్లారావు.

ఆయన్ను ఎవరూ అడగలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది.

అన్నపూర్ణకు ఆ రోజంతా కళ్ళ ముందే ఉంది. నేల మీద ఉత్తరానికి పోయే తెల్లటేపు గీత. దాని మీద నిలువునా పరిచిన కర్ర. “దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు మామా” అని రెండుసార్లు చెప్పి, నల్లగుడ్డ అవతల ఉన్న కంప్యూటరు దగ్గరికి పోయింది అమూల్య. సిద్ధాంతి పెట్టిన ముహూర్తం తొమ్మిదీ నలభై రెండు. తొమ్మిదీ నలభై ఒకటికి పుల్లారావు కర్ర దగ్గర గొంతుక్కూర్చున్నాడు. కుంకుమ పెట్టాడు, నిమ్మకాయ పెట్టాడు. అక్కడితో ఆగితే ఆయన పుల్లారావు ఎందుకవుతాడు? కొత్త పనిముట్టు తల ఈశాన్యానికి ఉండాలని, రెండు చేతులతో ఎంతో భక్తిగా దాన్ని మూలకు తిప్పాడు. “కానియ్ అమ్మాయ్!” అని కేకేశాడు. నల్లగుడ్డ అవతల అమూల్య నొక్కింది. కోడలు చూస్తే గొడవ చేస్తుందని, ఆయనే మళ్ళీ కర్రను గీత మీదికి జరిపి చేతులు దులుపుకున్నాడు. హారతి పళ్ళెం పట్టుకుని పక్కనే నిలబడింది అన్నపూర్ణ.

ఆడలేక మద్దెల ఓడన్నదట వెనకటికి ఎవతో. ఈ ఇంట్లో మద్దెలను తామే చితక్కొట్టి, ఆడేవాడికి కాళ్ళు లేవంటున్నారు.

చెప్పాలనే అనుకుంది.  పుల్లారావు ఆమె వైపు చూశాడు. పదకొండు నెలల చూపు అది. ఆమె పైట సర్దుకుని నేల చూసింది. తన మీద తనకే రోత పుట్టింది.

“ఎవరు తిప్పినా తిప్పకపోయినా,” అంది అమూల్య, “సరిచెయ్యొచ్చు.”

తెర మీద కర్ర బొమ్మ దగ్గర మూడు రంగుల బాణాలు వచ్చాయి. మొదట్లో ఉన్న గోళీని, కొసన ఉన్న గోళీని ఎంచుకుని, ఎర్ర బాణం ఆ రెంటి మీదుగా పోవాలని మిషనుకు చెప్పింది. బాణాలు కదిలి నిలిచాయి. తర్వాత ఇరవై ఒక్క ఆటలనూ మళ్ళీ లెక్క కట్టమంది. గంటన్నర పట్టింది. ఆ గంటన్నరా ఆదిశేషు నిలబడే ఉన్నాడు, అన్నపూర్ణ కుర్చీ తెచ్చి వేసినా కూర్చోలేదు.

తెర మీద బొమ్మ మళ్ళీ అడుగు వేసింది. ఈసారి కర్ర పిడికిట్లో కుదురుగా ఉంది. నడుము చుట్టూ తిరిగి, భుజం మీదుగా దిగి, నేలకు వేలెడెత్తులో ఆగింది. ఆగిన చోట ఇసుమంత కూడా కదల్లేదు.

“అది నేనే,” అన్నాడు ఆదిశేషు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోలేదు.

సాయిరాఘవ తెరను చూశాడు, తన ఫోను చూసుకున్నాడు, జేబులో పెట్టుకున్నాడు.

“సరిపోయింది కదా, ఇంకేంది?” పుల్లారావు లేచాడు. “పంపించు. అంతా మన మంచికే.”

“శెట్టీ, నా చేతి సంగతి?”

“నీ చేతికేమయ్యా, బాగానే ఉంది.”

“ఆ మాట గ్రూపులో చెప్పు. ఆ నలుగురు తండ్రులకు చేరేట్టు చెప్పు.”

“ఏదో మిషను తప్పు. దానికి ఊరంతా చాటింపు ఏంది?”

“మిషను తప్పు కాదు మామా,” అంది అమూల్య. “దాని ముందు ఏం పెట్టినామో అదే రాసుకుంది.”

అంతలో అమూల్య ఫోను మోగింది. హైదరాబాదు నుంచి ఉమ. పుల్లారావే ముందుగా చెయ్యి చాపి, అందరూ వినేట్టు స్పీకరు పెట్టాడు. పెద్దవాళ్ళతో మాట్లాడడం తనకే వచ్చని ఆయన నమ్మకం.

“అమ్మా ఉమా, సరైపోయిందమ్మా. మిషన్లో చిన్న లోపం, మావాళ్ళు పట్టేసినారు.”

“చాలా సంతోషం అంకుల్. మరి పెద్దాయనకు చెయ్యి వణుకుతుందని మీరే రాశారు కదా? మిగతా సగం ఆయనతోనే చేద్దామా, వేరేవాళ్ళనా? గేము మొదట్లో ఆయన పేరు వేస్తున్నాం, అది కూడా ఇప్పుడే తేల్చాలి.”

 ఒక్క మాట చాలు. లేదమ్మా, ఆయన చెయ్యి బంగారం అంటే చాలు.

“అదీ ఉందమ్మా,” అన్నాడు పుల్లారావు. “కొంచెం అదీ ఉంది.”

అన్నపూర్ణకు ఒళ్ళు మండింది. అబద్ధం ఆడినందుకు కాదు, అబద్ధాలు ఆమెకు కొత్త కావు. చెయ్యి చాపి ఎదురుగా నిలబడ్డ మనిషి మొహం మీదనే, జంకు లేకుండా, పొడుం పీల్చినంత తేలిగ్గా అన్నందుకు. ఇంత చిన్న మనిషికి ఇన్నాళ్ళు తను భయపడిందా?

ఆదిశేషు తువాలు దులిపి భుజాన వేసుకున్నాడు. బల్ల దగ్గరికి పోయి కర్ర తీసుకున్నాడు. మొదటి గోళీ పీకి బల్ల మీద పెట్టాడు.

“తాతా, వద్దు! పీకితే మిషనుకు మళ్ళీ మొదటి నుంచి చెప్పాల,” అంది అమూల్య.

“మొదటి నుంచి ఎవరితోనన్నా చేసుకోండి పాపా. గ్రూపులో ఎతుకుతాండారు కదా ఎవరినో. ఇవి మీవి, మీకే ఉండనీ. కర్ర నాది.” రెండో గోళీ పీకాడు.

“అంకుల్, వినిపిస్తోందా? అక్కడ ఏమవుతోంది?” అని ఫోన్లో ఉమ.

మూడోది పీకాడు.

అన్నపూర్ణ వచ్చి భర్త చేతిలోంచి ఫోను తీసుకుంది. ఆయన ఎంత ఆశ్చర్యపోయాడంటే, విడవకూడదని కూడా తోచలేదు.

“అమ్మా, నేను సాయిరాఘవ తల్లిని. అన్నపూర్ణని. ఆయన చెయ్యి వణకలేదు. మిషనూ చెడిపోలేదు. కర్ర గురించి మిషనుకు చెప్పేటప్పుడు, ఈశాన్యం ఈశాన్యం అని మా ఆయన దాన్ని మూలకు తిప్పినాడు. నేను పళ్ళెం పట్టుకోని పక్కనే ఉన్నా. ఇన్ని రోజులూ నోరు మూసుకున్నా, అది నా తప్పు. మా కోడలు చూపించింది, తేడా నలభై మూడంట. ఈశాన్యమంటే నలభై అయిదు కదమ్మా? ఆయనకు తిప్పడం కూడా సరిగ్గా రాలేదు.”

“ఏమేవ్!” అని అరిచాడు పుల్లారావు.

“అమ్మా, నువ్వు ఊరుకో,” అన్నాడు సాయిరాఘవ.

“నువ్వే ఊరుకోరా. ఆ గ్రూపులో పెట్టింది నువ్వు. నీ సంగతి తర్వాత.”

ఆదిశేషు చెయ్యి నాలుగో గోళీ మీద ఆగింది. ఆయన అన్నపూర్ణ వైపు చూడలేదు. పుల్లారావునే చూస్తున్నాడు.

“ఆయమ్మ చెప్పింది. పెద్ద మనసు,” అన్నాడు. “కానీ శెట్టీ, రేపు నలుగురూ ఏమంటారు? ఆడకూతురు జాలిపడి అట్ల చెప్పిందిలే అంటారు. తిప్పినోడు చెప్పాల. నీ నోటితో చెబితే ఈ రెండు గోళీలు ఉంటాయి, మిగతా మూడూ ఈ పాప మళ్ళీ అంటిస్తాది, నేను ఆడతా. లేదంటే మధ్యాహ్నం బస్సుకు పోతా.”

“నాకు చెప్పేవాడివా నువ్వు!” పుల్లారావు ముక్కు పుటాలు అదిరాయి. భార్య వైపు తిరిగాడు. “ఫోను పెట్టెయ్. పెట్టెయ్ అంటాన్నా. పెట్టకపోతే ఈ ఇంట్లో నీతో మాట్లాడే మనిషి ఉండడు.”

అన్నపూర్ణ ఒక్క క్షణం ఆయన్ను పైనుంచి కింద దాకా చూసింది. పేపర్లో ఫొటో కోసం కుట్టించుకున్న చొక్కానే వేసుకుని ఉన్నాడు.

“పదకొండు నెలలా, ఈసారి ఇంకా ఎక్కువా?” అని అడిగింది.

 ఆదిశేషు బొటనవేలు నాలుగో గోళీ అంచు కింద ఉంది.

“హలో? ఆంటీ? అంకుల్ ఉన్నారా అక్కడ?” అంది ఉమ.

“ఉన్నాడమ్మా, ఈడనే ఉన్నాడు,” అంటూ అన్నపూర్ణ ఫోను తీసుకుపోయి మొగుడి నోటి దగ్గర పెట్టింది.